గుండు గూట్లో లేనప్పుడు

వైశాఖ బహుళ పంచమి

ఈ దినచర్యలో తారీఖు వేయాలని సంస్థ నియమం. తుంగలంకలో తారీఖు చూసి ఎవరూ ఏ పనీ చెయ్యరు. తిథి తెలిస్తే పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో తెలుస్తుంది. సామాను పడవ పోటు మీదే రావాలి. అందుకని నేను తిథులే రాస్తున్నాను. పైవాళ్లకు తారీఖు కావాలంటే మా యంత్రం, చోదిని, తనే మార్చుకుంటుంది.

పొద్దున పడవలో కొత్త పట్టాలు బిగించే సామాను వచ్చింది. పట్టాలు మాత్రం గట్టుపేట వైపు నుంచి బండి మీదే వస్తాయి. సముద్రం మీదుగా లంకను గట్టుపేటకు కలిపే రైలు వారధి స్తంభాలకు కవచాలు తొడగడం పోయిన ఏడాదే అయిపోయింది. ఇక పాత పట్టాలు పీకి బరువైనవి వేయాలి. అప్పుడు ఉప్పు బళ్లూ ఖనిజం బళ్లూ ఇప్పటికి మూడింతలు నడుస్తాయి. డ్రైవర్లుండరు. ఈ చివర నుంచి ఆ చివర దాకా బళ్లన్నిటినీ చోదిని నడుపుతుంది. దాన్ని ఈ వారధికి అమర్చి పెట్టడం నా ఉద్యోగం.

నేను ఈ లంక పిల్లనే. గ్యాంగ్‌మేన్ బంగారయ్య కూతుర్ని. మా ఇంట్లో బడి గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే.

స్టేషన్ మాస్టరు అబ్బులు గారు నన్ను చూసి కుర్చీలోంచి లేచారు. "రండి ఇంజినీరు గారూ."

"మాస్టారూ, నూకరత్నం అనండి చాలు."

"అంటే మీ అమ్మ ఊరుకోదు. పొద్దున్నే వచ్చి చెప్పి ఎల్లింది, ఇకమీదట గారు పెట్టి పిలవాలంట. పెట్టకపోతే నాకు చేపల పులుసు రాదంట."

వైశాఖ బహుళ ఏకాదశి

ఈ రోజు టోకెన్ యంత్రం తీసేశాం.

ఇది చూడనివాళ్ల కోసం రాస్తున్నాను. వారధికి ఈ చివర ఒక ఎర్రటి ఇనప పెట్టె, గట్టుపేట చివర ఒకటి. రెండింటికీ మధ్య తీగ. ఒక పెట్టెలోంచి ఇనప గుండు ఒకటి బయటికి తీస్తే, అది మళ్లీ ఏదో ఒక పెట్టెలో పడేదాకా ఇంకో గుండు రాదు. గుండు చేతిలో లేకుండా ఏ బండీ వారధి ఎక్కదు. వారధి ఒంటి లైను. రెండు బళ్లు ఎదురుపడకుండా ఎప్పుడో చేసిన ఏర్పాటది.

దాన్ని మా లంకవాళ్లు తమ నడకకు వాడుకున్నారు. రోడ్డు వంతెన సముద్రంలో కలిసిపోయాక గట్టుపేటకు వేరే దారి లేదు. పడవకు పోటుండాలి. పాటులో చుట్టూ బురద, మునిగిపోయిన కొబ్బరితోటల మొదళ్లు. మనిషి దిగితే నడుం దాకా కూరుకుపోతాడు. అందుకని బడికి వెళ్లే పిల్లలకూ, కాన్పు మనిషికీ, శవానికీ కూడా అబ్బులు గారు ఒక గుండు తీసి ఇచ్చేవారు. గుండు చేతిలో ఉందంటే వారధి మనదే. తీరిగ్గా నడిచి వెళ్లి, అవతల పెట్టెలో పడేస్తే బళ్లు కదిలేవి. ఇది ఏ నిబంధనలోనూ లేదు. నేను పదో తరగతి దాకా అలాగే చదివాను. గుండు పట్టుకుని ముందు మా అమ్మ సత్తెమ్మ, వెనక లంక పిల్లలం. ఇప్పటికీ ఆ పని అమ్మదే.

పెట్టె విప్పుతుంటే అబ్బులు గారు పక్కనే నిలబడ్డారు. లోపలి గుండ్లను చేత్తో తడిమి, "ఒకటి తక్కువుంటది చూస్కోండి. మీరు కాలేజీలో ఉండగా మీ కాసులమ్మత్త సముద్రంలో జారేసింది" అన్నారు.

"అప్పుడేం చేశారు?"

"ఏం సేత్తాం. రెండు రోజులు లైను బందు. మడుసులు మునిగి ఎతికారు. నాకు జీతం కోత. అప్పట్నించీ లంకలో ఆడోళ్లు ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. వానొత్తే గుండు చేత్తో పట్టుకోకూడదు, జారిపోద్దని. స్టీలు క్యారేజీలో పెట్టి మూత బిగించాలి. మీ అమ్మే పెట్టింది ఆ రూలు."

నేను నవ్వాను. ఆయనా నవ్వారు. మధ్యాహ్నానికి పెట్టె ఉండే చోట గోడ మీద తెల్లటి మచ్చ మిగిలింది.

జ్యేష్ఠ శుద్ధ విదియ

పిల్లలు బడికి వెళ్లి వారం అయింది. చోదిని బళ్లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మధ్యలో మనిషి నడవడానికి సందు లేదు. సంస్థ నెలకు రెండుసార్లు బండికి జనం ఎక్కే పెట్టె ఒకటి తగిలిస్తామంది. నెలకు రెండుసార్లు బడికి వెళ్లేవాళ్లుంటారా?

గట్టుపేటలో మా పై అధికారి కిరీటి గారితో తెర మీద మాట్లాడాను. ఆయన మంచి మనిషి. నేను చెప్పేదంతా విన్నారు.

"రత్నం గారూ, నడిచేవాళ్ల కోసం లైను ఆపడమంటే పై వాళ్లు ఒప్పుకోరు. యంత్రానికి అర్థమయ్యే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి, నేను మాట్లాడతాను."

"పాత పద్ధతినే చోదినికి నేర్పుతాను సార్. గుండు గూట్లో ఉంటే బండి. లేకపోతే లేదు."

"మాటలో బాగుంది. చేసి చూపించండి."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కాసులమ్మత్త మా అరుగు మీద కూచుని ఉంది. "ఏమే ఇంజినీరమ్మా, మా పిల్ల పలక అటకెక్కించెయ్యమంటావా?" అంది. మా అమ్మ లోపల్నుంచి, "అది సేత్తంటది, నువ్వు దాన్ని కంగారు పెట్టకు" అని కసిరింది.

జ్యేష్ఠ శుద్ధ దశమి

గుండు తయారైంది. పాత గుండునే కోయించి, లోపల పలికే బిళ్ల ఒకటి పెట్టి మూయించాను. నేనెక్కడున్నాను అని ఆ బిళ్ల ఎప్పుడూ చెబుతూ ఉంటుంది. వారధికి రెండు చివరలా రెండు గూళ్లు కట్టించాను. గూట్లో గుండు ఆనితే తీగ కలుస్తుంది. గుండు తీయగానే చోదిని బళ్లన్నిటినీ ఎక్కడివక్కడ నిలిపేస్తుంది. పొద్దున ఒకసారి పోయి రావడానికీ, సాయంత్రం ఒకసారి పోయి రావడానికీ అనుమతి దొరికింది.

అమ్మ గుండును చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "పాతదాని కన్నా తేలికుందే."

"లోపల గుల్ల చేశాం అమ్మా."

"మాట్టాడుద్దంటగా?"

"మనకి వినపడదు. చోదినికి వినపడుతుంది."

"చోదినమ్మకా" అని గుండు వైపు చూసి, "ఇదిగో, నా కూతురు సేసిన దానివి, నోరు జాగర్త" అంది. పిల్లలు ఒకటే నవ్వు.

వాళ్లు వారధి ఎక్కారు. నేను తెర ముందు కూచున్నాను. ఉత్తరాన ఖనిజం బండి, దక్షిణాన ఉప్పు బండి, వాటి వెనక ఇంకా ఎన్నో, అన్నీ నిలబడిపోయాయి. చెప్పు కూడా లేని మా అమ్మ కోసం. ఉద్యోగంలో చేరాక అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. అది కూడా ఇక్కడ రాయాలనిపించింది.

జ్యేష్ఠ బహుళ అష్టమి

ఉప్పుగాలి పాడు చేసింది. గూట్లో గుండు ఆనే రాగి రేకు మీద చిలుము కడుతోంది. గుండు గూట్లో ఉన్నా తీగ కలవడం లేదు. చోదిని గుండు బయట ఉందనుకుని బళ్లు ఆపేస్తోంది. ఈ వారంలోనే నాలుగైదు సార్లు ఎవరూ లేని వారధి కోసం లైను ఆగింది. నేను గుడ్డతో తుడిచి వస్తున్నాను. మళ్లీ కడుతోంది.

మధ్యాహ్నం కిరీటి గారు పిలిచారు. "పై నుంచి ఒక మార్పు చేశారు. ఇకమీదట చోదిని గూటి మాట వినదు. గుండు మాటే వింటుంది. వారధి మీద గుండు పలికితే ఆగుతుంది. పలకకపోతే వెళ్తుంది."

"సార్, అది తిరగబడ్డ లెక్క. పాత యంత్రం గుండు కనపడకపోతే ఎవరో ఉన్నారని భయపడేది. ఇది కనపడకపోతే ఎవరూ లేరని ధైర్యం తెచ్చుకుంటుంది."

"గుండు పలకడం ఎప్పుడైనా ఆగిందా?"

"ఇప్పటిదాకా లేదు."

"మరి?"

"ఆగితే ఏమిటని అడుగుతున్నాను సార్."

"కొత్త రేకు తెప్పించండి. వచ్చాక పాత పద్ధతికి తిప్పేద్దాం. తాత్కాలికమే కదా. వద్దంటే అనుమతే తీసేసేలా ఉన్నారు."

నా అభ్యంతరం రాసి పంపాను. ఒకటికి రెండుసార్లు బిళ్లను పరీక్షించాను. కింద పడేశాను, నీళ్లలో ముంచాను, అమ్మ చీర కొంగులో చుట్టి చూశాను. అన్నిసార్లూ పలికింది. రేకు పోటు పడవ మీద రావాలి.

ఆషాఢ శుద్ధ చవితి

ఇది మర్నాడు కూచుని రాస్తున్నాను.

చవితి నాడు పొద్దున అమ్మ పిల్లల్ని తీసుకుని వెళ్లింది. అప్పుడు మబ్బు మాత్రమే ఉంది. బడి దగ్గర దింపి వెనక్కి బయల్దేరేసరికి వాన పట్టుకుంది. ఈ ఏటికి మొదటి వాన. స్టేషన్లో తెర మీద వారధి ఖాళీ అని ఉంది. వాన తగ్గేదాకా అమ్మ గట్టుపేటలోనే ఆగిందనుకున్నాను. తెర ఖాళీ అంటోంది కదా. ఉప్పు బండి ఒకటి వారధి ఎక్కింది. అది సగం దాటాక ఆగింది. ఎందుకు ఆగిందో తెర చెప్పలేదు.

నాన్న, అబ్బులు గారు, నేను నడిచి వెళ్లాం. బండికి ముందు కన్ను ఉంటుంది. అది మనిషిని చూసింది, కానీ అంత బరువుతో ఆగేంత దూరం మిగల్లేదు. అమ్మ నెత్తిన గోనె ముసుగు వేసుకుని ఉంది. బండి చప్పుడు వానలో వినపడి ఉండదు. తప్పుకోవడానికి కట్టిన అరుగు అక్కడికి దగ్గరే. గుండు తన దగ్గరుంటే వెనక్కి తిరిగి చూసుకోవాల్సిన పని అమ్మకు ఎన్నడూ పడలేదు.

క్యారేజీ పట్టాల పక్కన కంకరలో దొరికింది. సొట్ట పడింది, మూత ఊడలేదు. నాన్న విప్పారు. కింది గిన్నెలో ఇడ్లీలు. గట్టుపేటలో కొట్టు ఇడ్లీలు నాకు ఇష్టం. పై గిన్నెలో పాత చీర ముక్కలో చుట్టి, చుట్టూ గుడ్డ కుక్కి, గుండు. అలా మూత తీయగానే అబ్బులు గారి చేతిలోని తెర మీద వెలిగింది, వారధి మీద గుండు ఉందని.

ఉక్కు డబ్బాలో మూత బిగిస్తే బిళ్ల మాట బయటికి రాదు. నేను నీళ్లలో ముంచాను, కొంగులో చుట్టాను. క్యారేజీలో పెట్టి చూడలేదు. ఆ కట్టుబాటు సంగతి అబ్బులు గారు చెప్పగా విని నవ్వాను కూడా.

ఆషాఢ శుద్ధ అష్టమి

కిరీటి గారు పోటు పడవ మీద స్వయంగా వచ్చారు. అరుగు మీద నాన్న పక్కన చాలాసేపు ఊరికే కూచున్నారు. తరవాత నన్ను స్టేషన్‌కు రమ్మన్నారు.

"రత్నం గారూ, ఇది ఎలా అడగాలో నాకు తెలియడం లేదు. విచారణ కాగితం మీద కారణం రాయాలి. వారధిని అమర్చింది మీరు కాబట్టి సంతకం మీది."

"కారణం చవితికి ముందే రాసి పంపాను సార్. పద్ధతి తిరగబడిందని."

"పంపారు. నేనూ పైకి పంపాను. అది కారణమని రాస్తే తప్పు సంస్థదవుతుంది. అప్పుడు వాళ్లు చేసే మొదటి పని నడకను శాశ్వతంగా మూసేయడం. ఉపయోగించిన మనిషి పొరపాటని రాస్తే, గూటి పద్ధతి తిరిగి పెట్టి నడక సాగనిస్తామన్నారు. కొత్త రేకులు నాతోనే తెచ్చాను."

"ఉపయోగించిన మనిషి అంటే మా అమ్మ."

ఆయన తల దించుకున్నారు. "నాకు వేరే దారి తెలిస్తే మిమ్మల్ని అడగను."

కిటికీలోంచి లంక పిల్లలు కనపడ్డారు. నాలుగు రోజులుగా వాళ్లు గట్టుపేటలో బడిలోనే పడుకుని, ఇవాళ ఆయన పడవలోనే ఇళ్లకు చేరారు. ఎవరూ ఆడుకోవడం లేదు. నేను సంతకం చేయకపోతే వీళ్లు మళ్లీ బడి మొహం చూడరు. చేస్తే మా అమ్మ అజాగ్రత్త మనిషని ఎప్పటికీ ఉండిపోతుంది. ఆవిడ చచ్చిపోయింది జాగ్రత్త వల్ల. నా చేతి వస్తువు తడవకూడదని గుడ్డ చుట్టింది.

సంతకం చేశాను.

ఇంటికి వచ్చి నాన్నకు చెప్పాను. ఆయన వల బాగు చేసుకుంటున్నారు.

"తప్పెవరిదని రాశారే?"

"అమ్మదని."

ఆయన చేతులు ఆగలేదు. "నువ్వేనా రాసింది?"

"నేనే నాన్నా. లేకపోతే నడక మూసేస్తారంట."

"పిల్లకాయలు ఎల్తారా మరి?"

"వెళ్తారు."

"అయితే అదేమీ అనుకోదులే" అన్నారు. కాసేపటికి, "ఆ గుడ్డ సంగతి రాశావా? గుండు సుట్టూ కుక్కింది చూడు, ఆ గుడ్డ" అని అడిగారు.

"ఆ కాగితంలో దానికి చోటు లేదు నాన్నా."

అందుకే పైన రాశాను, గుడ్డ చుట్టిందని. ఈ దినచర్యను ఎవరైనా చదివితే అది తెలియాలి.

ఆషాఢ శుద్ధ దశమి

కొత్త రేకులు బిగించాను. రోజూ రెండు పూటలా తుడవడానికి అబ్బులు గారు ఒప్పుకున్నారు. ఇక మీదట గుండు ఏ గూట్లోనూ లేకపోతే, పలికినా పలకకపోయినా, బళ్లు కదలవు. గుండు తిరిగి గూట్లో పడ్డాక కూడా ఒక మనిషి చూసి చెబితేనే కదులుతాయి. ఆ రెండో మాట నేను పెట్టింది. కిరీటి గారు ఎవరితో ఎలా మాట్లాడారో, ఒప్పుకున్నారు.

నిన్న సాయంత్రం నీళ్ల దగ్గర కాసులమ్మత్త ఎదురైంది. పక్కకు తిరిగి, ఇంకెవరితోనో అన్నట్టుగా, "కన్నతల్లి మీదే తప్పు రాసిందంట. అంత సదువు నా పిల్లకొద్దు బాబూ" అంది. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను. ఆమె మనవరాలు మంగతాయారు ఈ పొద్దున బడికి బయల్దేరింది. తల దువ్వి, పలక చేతికిచ్చి పంపింది కాసులమ్మత్తే. పిల్లల ముందు ఇప్పుడు ఎవరు నడవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, గుండు తీసుకుంటానని చెయ్యి చాపిందీ ఆమే. నాకేసి మాత్రం చూడలేదు.

ఆషాఢ శుద్ధ చతుర్దశి

ఈ రోజు అమ్మ పెద్దకర్మ.

కర్మ ఇంటి దగ్గర కాదు, అమ్మ పడిపోయిన చోట చెయ్యాలన్నారు నాన్న. పిల్లలు బడికి వెళ్లి, కాసులమ్మత్త తిరిగి వచ్చాక, ఆయన గూటి దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు. గుండు ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని, రెండో చేతిలో పాల చెంబూ అన్నం మూటా పట్టుకుని వెళ్లారు. నన్ను రావద్దన్నారు. "నువ్వు ఇక్కడుండు. నువ్వు లేకపోతే బళ్లు ఎవరు ఆపుతారు?" అన్నారు. బళ్లు వాటంతటవే ఆగుతాయని చెప్పబోయి ఊరుకున్నాను.

దూరంగా ఆయన కూచోవడం కనిపించింది. మాకున్న అనుమతి సమయం దాటిపోయింది. తెర మీద బళ్లు ఒకదాని వెనక ఒకటి చేరుతూ పోయాయి. కిరీటి గారు పిలిచారు.

"రత్నం గారూ, పై నుంచి అడుగుతున్నారు. వారధి మీద ఎవరు?"

"మా నాన్న సార్."

"ఎంతసేపు పడుతుందని చెప్పను?"

"తెలియదు సార్."

"సరే. మనిషి ఉన్నాడని చెబుతాను."

అబ్బులు గారు నా వెనక వచ్చి నిలబడ్డారు. పాటు తీసింది. బురద మీద కొంగలు దిగాయి. నాన్న లేచి, పంచె దులుపుకుని, వచ్చినంత నెమ్మదిగా తిరిగి వచ్చారు. గుండును తువ్వాలుతో తుడిచి గూట్లో పెట్టారు. తీగ కలిసింది.

చోదిని నా తెర మీద ఒక ప్రశ్న వేసింది. అబ్బులు గారికి కూడా సులువుగా అర్థం కావాలని ఆ ప్రశ్నను మామూలు మాటల్లో నేనే రాసి పెట్టాను. నాన్నకు అక్షరాలు రావు. తెర వైపు చూసి, "ఏటంటందే అది?" అన్నారు.

"అందరూ వచ్చేశారా అని అడుగుతోంది నాన్నా."

ఆయన వారధి వైపు తిరిగారు. అటే చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. నేను చెయ్యి బల్ల మీదే ఉంచాను.

"వచ్చేశారని చెప్పు" అన్నారు. "పాపం, అన్ని బళ్లు ఆగిపోయున్నాయి."

చెప్పాను.